టమోటా వాసన గిట్టని రోజులు

మనిషి తన ఒంటి వాసనకు తానే భయపడే రోజులు కూడా ఉంటాయని పెళ్ళయిన కొత్తలో తెలిసింది. ఆ రోజుల్లో నేను మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో గుమాస్తాను. పొద్దుటి నుంచి చితికిన కాయల మధ్య నిలబడి ఇంటికొస్తే, నాకంటే ముందు నా వాసన గడప దాటేది. మా ఆమె దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. నెల తప్పాక మాత్రం, నేను సందు మలుపు తిరిగితే చాలు, పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకునేది. "ఆడే నిలుచుకోప్పా, లోపలికి రావద్దు" అని కొంగు ముక్కుకు పెట్టుకుని బకెట్టు బయటికి తోసేది. వీధి కొళాయి దగ్గర, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూస్తుండగా, తువ్వాలు చుట్టుకుని సబ్బు మీద సబ్బు అరగదీసేవాణ్ణి. (నాకేదో చర్మరోగమని పక్కింటివాళ్ళు తీర్మానించుకున్నారు.) కారణం చెప్పుకోవడానికి లేదు. మూడో నెల పడేదాకా ఎవరికీ చెప్పకూడదని కుప్పంలో ఉన్న మా అత్తమ్మ ఆర్డరు. ఆమె మాత్రం అప్పటికే కుప్పంలో సగం మందికి చెప్పేసింది.

పుంగనూరులో లేడీ డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు అత్తమ్మ కూడా బస్సెక్కి వచ్చింది. స్కానింగ్ చూసి డాక్టరు "ఆరో వారం" అంది. నేను వేళ్ళు మడిచి లెక్కేసి, "ఆరు వారాల కింద ఈమె మీ ఇంట్లో కదా ఉండింది?" అని అత్తమ్మనే అడిగాను. అప్పుడామె చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. డాక్టరు నవ్వాపుకుని, "కడపటి నెలసరి నుంచి లెక్కేస్తామప్పా. మొదటి రెండు వారాలూ బిడ్డే ఉండదు. ఆమె అండం, నీ కణం నాళంలో కలిసినాకనే మొదలు. ఆ ఒకటి రెండై, రెండు నాలుగై, మెల్లగా గర్భసంచిలోకి వచ్చి అతుక్కునేసరికి ఇంకో వారం. అతుక్కున్నాక హార్మోన్లు పెరుగుతాయి. ఈ వాంతులన్నీ వాటి వల్లే" అంది. సంచి కనిపిస్తోందనీ, గుండె కొట్టుకోవడం ఇంకా కనిపించలేదనీ, రెండు వారాలాగి రమ్మనీ చెప్పింది. "ఉంటాది కదా మేడం?" అని మా ఆమె అడిగితే, "ఇప్పుడే చెప్పలేనమ్మా" అంది.

ఆ రెండు వారాల్లోనే నేను నిమ్మ వాసన వచ్చే సబ్బొకటి కొన్నాను. ఒక సాయంత్రం రుద్దుకుని లోపలికి వస్తే మా ఆమె కదల్లేదు, ముక్కు మూసుకోలేదు. పైగా టమోటా పప్పు వండి రెండుసార్లు వడ్డించుకుంది. "సూసినావా, ఈ సబ్బు బాగా పనిచేస్తాండాది" అన్నాను గొప్పగా. మరునాడే ఇంకో మూడు సబ్బులు కొనుక్కొచ్చాను.

రెండో స్కానింగ్‌లో గుండె కనిపించలేదు. "కొన్నిసార్లు అండం, కణం కలిసినప్పుడే లోపం పడతాదమ్మా. మీరు చేసిన తప్పేం లేదు, ఏం చేసినా నిలిచేది కాదు" అంది డాక్టరు. తిరుగు బస్సులో మా ఆమె కిటికీ వైపు చూస్తూ, "ఆ పొద్దు నాకు నీ వాసన కొట్టలేదు సూడు. అప్పుడే అనుకుంటి" అంది. సబ్బును మెచ్చుకున్నవాణ్ణి, కండక్టరు వైపు చూస్తూ కూర్చున్నాను. కుప్పంలో అత్తమ్మకు తాను చెప్పినవాళ్ళందరికీ మళ్ళీ చెప్పుకుంటూ తిరగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఏడాది పైగా నన్నెవరూ గడప దగ్గర ఆపలేదు. చెమటతో, టమోటా రసంతో నేరుగా వంటింటి దాకా నడిచిపోయేవాణ్ణి. ఆ స్వేచ్ఛ నాకు చాలా బాధగా ఉండేది. మిగిలిన సబ్బులు అటక మీదే ఉండిపోయాయి.

ఒక సాయంత్రం గడపలో కాలు పెట్టబోతుంటే మా ఆమె చటుక్కున కొంగు ముక్కుకు పెట్టుకుంది. "ఆడే నిలుచుకో" అంది. నిలుచున్నాను. కాసేపటికి బకెట్టూ, అటక మీది సబ్బూ బయటికి వచ్చాయి.

ఇప్పుడు మా పాపకు టమోటా పప్పు లేనిదే ముద్ద దిగదు. ఆనాటి గుమాస్తాను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ సాయంత్రం కొళాయి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు కానీ, ఉత్త నీళ్ళు పోసుకుని లేచాడు. ఆ వాసన పూర్తిగా పోతుందేమోనని భయపడి సబ్బు ముట్టుకోలేదు.