నా పాటను ఎగరేసుకుపోయిన మా చెల్లి

మా చిన్నప్పుడు... ఉత్తరాదిన మేమున్న గోల్‌మురి క్వార్టర్‌లో ముందు గదిలోని మడతమంచం గోడకి నిలబెట్టి, ఆ జాగాలో మా బ్యాండ్ ప్రాక్టీసు. పక్కింటి బెంగాలీ కుర్రాడు బుబాయిది గిటారు, వాడి స్నేహితుడిది డ్రమ్స్, నాది కీబోర్డు. దుర్గాపూజకి కాలనీ స్టేజి మీద ఒకే ఒక్క పాట వాయించాలని మా పంతం.

ఆ పాట మామూలుది కాదు... క్యాసెట్టు ఒకవైపంతా అదొక్కటే. పల్లవి, చరణం అంటూ ఏమీ ఉండవు. మొదట గిటారు ఒక్కటే మెల్లగా... తర్వాత డ్రమ్స్ వచ్చి నడకే మార్చేస్తాయి... ఆపైన కీబోర్డు ఒంటరిగా... చివరికి మొదటి రాగమే తిరిగొస్తుంది, ఈసారి అందరూ కలిసి, ఇల్లదిరేలా. ఆ క్యాసెట్టు తెచ్చింది నేను. అరిగేలా విన్నదీ నేనే.

చిక్కంతా రెండో భాగంలోనే. మేం ఎనిమిది లెక్కపెట్టుకుంటూ వెళ్ళి రోజూ అక్కడే బోల్తా పడేవాళ్ళం.

ఒకరోజు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా చెల్లి తలైనా ఎత్తకుండా అంది... "ఏటక్కా, మిశ్రచాపే కదా ఇది? తకిట తకధిమి... ఏడే."

కాసిడీహ్‌లో పాటల టీచరు దగ్గరికి అంతకుముందే అమ్మ మా ఇద్దరినీ పంపింది. నేను విసుగొచ్చి మానేశాను, అది మానలేదు.

అది తొడమీద తాళం వేస్తుంటే మగపిల్లలిద్దరూ గట్టెక్కేశారు. నా వేళ్ళు మాత్రం ఎనిమిదికే పోయేవి.

పూజ దగ్గరపడ్డాక బుబాయి నావైపు చూడకుండా చెప్పాడు. "అరే యార్, ఛోటీకో బజానే దే." కీబోర్డు చెల్లికి ఇచ్చెయ్యమని. నేను ఇంట్లో లేనప్పుడు టింగుటింగుమంటూ మొత్తం నేర్చేసుకుందట... నా కీబోర్డు మీదే.

"దానికొచ్చింది కదే, కూకోనీ. నువ్వు పెద్దదానివి," అంది అమ్మ.

స్టేజి కింద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాను. కడుపులో ఒకటే మంట... అది తప్పు వాయించాలని అమ్మవారికి మొక్కుకున్నాను కూడా. ఒక్క తప్పూ వాయించలేదు. పైగా రెండో భాగంలో నవ్వుతూ వాయించింది.

మొన్న ఆ పాట ఫోన్‌లో కనబడింది. ఇప్పుడు క్యాసెట్టు తిప్పే పనే లేదు, వేలు తగిలిస్తే చాలు... చెల్లికి పంపాను. కాసేపటికి ఫోన్ చేసింది.

"బాగుందక్కా... ఎక్కడో విన్నట్టుంది."

ఒళ్ళు మండిపోయింది. ఎంత సులువుగా తీసుకుందో, అంత సులువుగా మర్చిపోయింది...

మీ ఇళ్ళల్లోనూ ఉన్నారా ఇలాంటివాళ్ళు? కాస్త చెప్పండి, నా కడుపు చల్లబడుతుంది.