జంట బెల్టుల్లో ఒకటే మార్చిన రోజు

హాజరైనవి: డీజిల్ వ్యాను ఒకటి. దాని లోపల పరుపులు రెండు, కిరోసిన్ స్టవ్వు ఒకటి, నీళ్ళ డ్రమ్ము ఒకటి, ఆపరేషన్ బల్ల ఒకటి. మనుషులు ముగ్గురు: పట్నం నుంచి ఏడాదికోసారి వచ్చే కళ్ళ డాక్టరు, డ్రైవరు దేవదానం, డిప్లొమా చేతికొచ్చి కాలు నేల మీద ఆనని మెకానిక్కును నేను. కొంప ముంచిందెవరో కనుక్కోవడానికి మీకు డిప్లొమా అక్కర్లేదు.

డెబ్భైల మొదట్లో పటాన్‌చెరులో మా చర్చి దవాఖానాకు ఆ వ్యాను ఉండేది. డాక్టరు అందులోనే వండుకుని, పడుకుని, ఊరూరా అందులోనే కంటిపొరలు తీసేవాడు. ఆసారి ఆఖరి క్యాంపు సంగారెడ్డి అవతల. మర్నాడు ఆయన పట్నంలో ఉండాలి. క్యాంపులో ఎదురుచూసేవాళ్ళలో దేవదానం తల్లి కూడా ఉంది. రెండేళ్ళుగా ఆమెకు కొడుకు గొంతే తప్ప ముఖం తెలియదు.

క్యాంపుకు ముందురోజు దేవదానం ఇంజను మూత ఎత్తాడు.

"తమ్మీ, బెల్టులు కూస్తున్నయ్. రెండూ మార్చు."

ఫ్యానును, నీళ్ళ పంపును, ఆపరేషన్ దీపానికి కరెంటిచ్చే డైనమోను తిప్పేవి ఆ జంట బెల్టులే. రెంటినీ వంచాను, గిల్లాను, కొలిచాను. ఒకటి చిట్లింది. రెండోది నిగనిగలాడుతోంది. (బెల్టు నిగనిగలాడితే అరిగిపోయినట్టని నాకు తర్వాత తెలిసింది.)

"ఒకటి చాలన్నా. రెండో కొత్తది స్పేర్ పెట్టుకుందాం."

"ఒక్క ఎద్దును మార్చి కాడి కడ్తరా? కోడె గుంజుతది, ముసల్ది ఎన్కబడ్తది."

"ఇది ఎద్దులబండి కాదన్నా, లెక్కల బండి!"

ఈ మాట నేను నిజంగానే అన్నాను. మీరు క్షమించినా నేను క్షమించను.

చిట్లినదాన్నే మార్చాను. తర్వాత ఇరవై మూడు వస్తువుల జాబితా రాసి, ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టాను. స్పేర్ బెల్టు: ఉంది. టిక్కు.

తెల్లారి క్యాంపుకు బయల్దేరి రుద్రారం దాటగానే 'టప్'మంది. బరువంతా ఒంటరిగా లాగి, వేడెక్కి, కొత్త బెల్టు తెగింది. బావిలో పడేవాడు పక్కవాడి చొక్కా పట్టుకున్నట్టు, పోతూ పోతూ పాతదాన్నీ లాక్కుపోయింది.

"స్పేర్ తియ్ తమ్మీ, జల్దీ!"

పరుపుల కింద చూశాను. స్టవ్వు వెనక చూశాను. డ్రమ్ములో కూడా చూశాను.

"ఏదిరా?"

"లిస్టుల ఉందన్నా."

"అయితే లిస్టునే సుట్టు ఇంజనుకు!"

బెల్టు నిజంగానే ఉంది, దవాఖానా షెడ్డులో మేకుకు. నేను జాబితా రాసింది షెడ్డులో నిలబడి. ఉన్నదాన్ని ఉందనే రాశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు బెల్టు కూడా పోయింది.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు డాక్టరు.

"కాగితం ఇస్తే లెక్కేసి చెప్తానండి."

నేను లెక్కేస్తుండగా దేవదానం పొలంలోని రైతును బతిమాలి తలరుమాలు తెచ్చాడు. దాన్ని పేని, తడిపి, చక్రాలకు బిగించాడు. రుమాలు మైలు దూరం తిరిగి తెగేది. మళ్ళీ ముడి, మళ్ళీ మైలు. క్యాంపు చేరేసరికి పొద్దు వాలింది. డైనమో సరిగా తిరగక దీపం మిణుగురు పురుగులా వెలిగి ఆరింది. బల్లను తలుపు దగ్గరికి జరిపి, డాక్టరు ఎండ ఉన్నంతసేపూ ఆపరేషన్లు చేశాడు. చీటీల వరుస ప్రకారం ఒక్కొక్కరినే పిలిచారు. చివరికి ఆయన కళ్ళజోడు తీసేసి, "ఇక నాకే కనబడటం లేదు" అన్నాడు.

దేవదానం తల్లి చెయ్యి చాపి నా భుజం తడిమింది.

"ఎవరు బిడ్డా?"

"బండి బాగు జేసే సారమ్మా," అన్నాడు దేవదానం.

పొద్దుటిదాకా నేను తమ్మీని. తిట్టి ఉంటే బాగుండేది.

కనుక సకల పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: జంటగా ఉన్నవాటిని జంటగానే మారుస్తాను, చేత్తో పట్టుకోనిదానికి టిక్కు పెట్టను, ఎద్దుల గురించి చెప్పేవాడికి ఎదురు చెప్పను.

ఆ రోజు అయిన ఆపరేషన్లు ఆరు. దేవదానం తల్లి చీటీ నంబరు ఏడు.