నాలుగూ తెల్లగా పడితే డ్రాగన్ ఎక్కాలి

నిన్న చంద్రపూర్‌లో స్నేహితురాలి గదిలో పాచికలు వేస్తూ కథ అల్లే ఆట ఆడాం. ఆట నడిపే అమ్మాయి నన్ను డ్రాగన్ ఎక్కనిచ్చి, "ఇగ చెప్పు, ఏం కాలవెడ్తవ్?" అని అడిగింది. నాకు మా ఊరు బామ్నిలోని చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది.

బండకేసి అరగదీసి చీల్చిన చింతగింజలు గుర్తున్నాయా మీకు? అవే మా పాచికలు. నాలుగూ తెల్లగా పడితే డ్రాగన్ ఎక్కొచ్చని మా మేనత్త కొడుకు శీను బావ నియమం పెట్టాడు. మా డ్రాగన్ ఒక వడ్ల బస్తా. అది కాల్చేది మేం నేల మీద బొగ్గుతో గీసిన ఊరిని.

ఆ రోజు బావకు నాలుగూ తెల్లగా పడ్డాయి. బస్తా ఎక్కి, ఒక్కో ఇంటినీ అరచేత్తో తుడిచేస్తూ, మనుషులు కాలుతున్నట్టు కేకలు పెట్టాడు. చివరికి బడి మిగిలింది. మా ఇంట్లో బడికి వెళ్లేది నేనొక్కదాన్నే.

"గీ బడిని గూడ కాలవెడ్తున్న. రేపటి సంది నువ్వు గూడ మాతోని బర్రెల కాడికే!"

పక్కనున్న పీట ఎత్తి అతని నుదుటి మీద కొట్టాను. రక్తం కళ్లలోకి కారింది, చొక్కా తడిసింది, బొగ్గు గీతల మీద చుక్కలు చుక్కలుగా పడింది.

నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను పీటను నా వెనక దాచుకున్నాను.

"ఎవలు కొట్టిండ్రురా? గీ పోరేనా? సదివిస్తె గిట్ల తలకాయలు పలగొడ్తదా? రేపటి సంది దీని బడి బంద్!"

బావ నా వైపు చూశాడు.

"ఎవలు కొట్టలేదు అమ్మమ్మా. డ్రాగన్ మీదికెల్లి పడ్డ."

మరునాడు తలకు కట్టుతోనే నా పుస్తకాల సంచి మోసుకొచ్చి, బడి గేటు దగ్గర ఇచ్చి వెళ్లిపోయాడు.