నాయన సమాధికి టికెట్టు

మా నాయన సమాధి కాడికి పోవాలంటే టికెట్టు కొనాలె. ఈ మాట చెప్తే చానామంది నవ్వుతరు. నాకైతే నవ్వు రాదు.

నాయన కూపుల చెట్లు కొట్టే కూలి. సర్కారు వేలం వేసి కలప కొట్టించే అడవి ముక్కను కూపు అంటరు. భద్రాచలం దిక్కు అడవి లోపల, ఆ కూలీలంతా గుడిసెలు వేసుకున్న ఊర్ల నేను పుట్టిన. పట్టుమని ఇరవై గడప లేదు. తడికెల గోడలతోటి చిన్న చర్చి, దాని ఎనుక కొన్ని సమాధులు. నాయన చలిజ్వరం వచ్చి పోయిండు. అప్పటికి తమ్ముడు ఇంకా అమ్మ చంకలనే ఉండె. తర్వాత ఆ అడవిని అభయారణ్యం అన్నరు. కూపులు బందైనయ్, ఊరు చెదిరింది. అమ్మ మమ్మల్ని తీసుకొని బొగ్గుబాయిల దిక్కు వచ్చి కూలి చేసి పెంచింది. ఇప్పుడు తమ్ముడు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల డంపర్ నడుపుతడు. నేను ఒక ప్రైవేటు బడిల టీచర్ని.

ఏటా నవంబర్ల సమాధుల పండుగకు ముగ్గురం అక్కడికి పోయేటోళ్లం. సమాధికి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టించి వచ్చేటోళ్లం. అభయారణ్యం గేటు కాడ ఉండే పాత వాచర్ మమ్మల్ని ఎరిగినోడే. "పోయిరాండ్రి, జల్దీ రాండ్రి" అనేటోడు. అంతకు మించి మాట లేదు.

ఒక ఏడు మేం పోయేసరికి పాత వాచర్ లేడు. గేటు పక్కన మనిషెత్తు కొత్త బోర్డు పెట్టిన్రు. నిప్పు పెట్టరాదు, వంట చేయరాదు, ప్లాస్టిక్ తేరాదు, పూలు తెంపరాదు, పాటలు పెట్టరాదు. బోర్డు నిండా 'రాదు'లే.

కొత్త వాచర్ మా సంచి ఇప్పించిండు. నడీడు మనిషి, చెవి మీద బీడీ.

"కొవ్వొత్తులు లోపలికి పోవు" అన్నడు.

"పోకుంటే ఎట్లయ్యా? ఇయ్యాల సమాధుల పండుగ. పోయినోళ్లకు దీపం పెట్టే దినం" అన్నది అమ్మ.

"నిప్పు వద్దని రూల్ పెద్దమ్మా. అడవి అంటుకుంటది."

"మొన్నటిదాంక వానలే గదా. గడ్డి మోకాలెత్తు పచ్చగున్నది. నీ బీడీకి అంటుకోని అడవి నా కొవ్వొత్తికి అంటుకుంటదా?"

అతను బీడీ తీసి జేబుల పెట్టుకున్నడు. "నన్నంటే ఏం లాభం? రేంజర్ సార్ వస్తున్నడు, ఆయన్నే అడుగు."

సార్ జీపుల వచ్చిండు. దిగకుండనే మా సంచి చూసిండు. కొవ్వొత్తుల సంగతి అడగనే లేదు, సున్నం మూటను చూపించి "ఇదేంది?" అన్నడు.

"సున్నం సార్. సమాధికి కొట్టుకుంటం" అన్నడు తమ్ముడు.

"లోపల ఏ కట్టడానికీ రిపేర్లు చెయ్యనియ్యం. ఇయ్యాల సున్నం కొడ్తరు, రేపు గోడ కడ్తరు, ఎల్లుండి జాగ మాదే అంటరు."

నాకు ఆగలేదు. "జాగ మాది కాదనే గద సార్ ఊరు లేపింది. అక్కడ పండుకున్న మనిషన్న మావోడా కాదా?"

"గట్టిగ మాట్లాడకు మేడం. డ్యూటీకి అడ్డమొస్తే కేసైతది."

నేను ఇంకో మాట అనేలోపల తమ్ముడు రెండు చేతులు జోడించిండు. "అక్కకు కోపమెక్కువ సార్. తప్పైంది."

తప్పు ఎవరిదిరా అని అక్కడనే అడుగుదామనుకున్న. అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, సున్నం గేటు కాడ పెట్టి టికెట్లు కొన్నం. టికెట్టు మీద జింక బొమ్మ, దాని కింద 'పర్యాటకులు' అని రాసి ఉన్నది. మొగని సమాధి చూడబోయే ఆడమనిషి గూడ వాళ్లకు పర్యాటకురాలే.

వాచర్ మా ఎంబడే వచ్చిండు. చెరువు ఒడ్డుకు కొత్త కాటేజీలు లేచినయ్. వాటి ముంగట రాళ్లు గుండ్రంగ పేర్చి ఉన్నయ్. నడుమల సగం కాలిన మొద్దులు, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, తిని పారేసిన కోడిబొక్కలు. అమ్మ ఆగింది. వంగి బూడిదల చెయ్యి పెట్టింది.

"ఇంకా ఎచ్చగనే ఉన్నది" అన్నది.

వాచర్ చెరువు దిక్కు చూసుకుంట చెప్పిండు: "అది పర్మిషన్ తోటి పెద్దమ్మా. గెస్టులు వచ్చిండ్రు."

సమాధిని గడ్డి కమ్మేసింది. సిలువ ఒక పక్కకు ఒరిగింది. అమ్మ కూసొని గడ్డి పీకుడు మొదలుపెట్టింది. వాచర్ ఏదో అనబోయిండు. అమ్మ తలెత్తి చూసేసరికి రెండడుగులు ఎనుకకు జరిగిండు. ఎప్పుడు పోయినా అమ్మ ఆ యేటి ముచ్చట్లన్ని నాయనకు చెప్పేది, ఎవరికి పెండ్లయింది, ఎవరు బాయిల దెబ్బ తిన్నరు అని. ఆ దినం ఏం చెప్పలేదు. పూలు పెట్టింది, పెదవులు కదిలించి ప్రార్థన చేసింది, లేచింది.

తిరిగి వచ్చేసరికి సార్ జీపు గేటు కాడనే ఉన్నది. అమ్మ నేరుగ పోయి జీపు పక్కన నిలబడ్డది.

"మీ గెస్టులు మండబెట్టింది నిప్పు కాదా సార్?"

"అది మా స్టాఫ్ దగ్గరుండి పెడ్తరమ్మా."

"అయితే నీ స్టాఫ్‌ను నా కొవ్వొత్తి కాడ గూడ నిలబెట్టు. ఆరిందాంక చూసుకొని పోతరు."

ఆయన డ్రైవర్‌కు సైగ చేసిండు. జీపు కదిలింది. మట్టి లేచి అమ్మ చీర మీద పడ్డది.

కిరాయి ఆటోల ఇంటికొస్తుంటే తమ్ముడు మొదలుపెట్టిండు. "నీకేం అక్కా, అరిచి ఇంటికి పోతవ్. కేసైతే రేపు నన్ను డంపర్ ఎక్కనిస్తరా?"

"నాయన మొఖం నీకు యాదికి లేదు. అందుకే చేతులు అంత జల్దీ లేచినయ్" అన్న.

వాడు మా ఇంటి కాడ దిగి నీళ్లు గూడ తాగకుండ పోయిండు. ఆ మాట అన్నందుకు నేను బాధపడలేదు. ఇప్పటికీ పడ్తలేను.

ఆ పొద్దు అమ్మ చెప్పుల మట్టి కడుక్కుంట అన్నది: "నేను పోతే నన్ను ఆయన పక్కన పెట్టకుర్రి. గేటు లేని కాడ పెట్టుర్రి."

"గట్లెందుకే అమ్మా? ఎన్నేండ్ల సంది ఆయన పక్కనే జాగ అనుకుంటున్నవ్ గద."

"నన్ను చూడనీకి మీరు ఎవని కాళ్లు పట్టుకోవద్దు."

అడవిని కాపాడాలె, కాదనను. నిప్పుతోటి అడవి పోతదని నాకూ తెలుసు. బడిల పిల్లలకు నేనే చెప్త. కాని ఆ సమాధుల నుంచి అడవిని ఎందుకు కాపాడుతున్నరో ఇయ్యాల్టిదాంక ఒక్కరు చెప్పలేదు.

ముందటేడు వానకాలం అమ్మ పోయింది. బొగ్గుబాయిల తవ్విన మట్టి పోసిన గుట్ట పక్కన, మా కాలనీ సమాధుల తోటల పెట్టినం. దినం పొడుగూత లారీల చప్పుడు, బొగ్గు దుమ్ము. నాయన ఒక్కడే అడవిల ఉన్నడు.

తమ్ముడు మాత్రం ఏటా పోతడు. టికెట్టు కొంటడు, గడ్డి పీకుతడు, ఫోటో తీసి నా ఫోనుకు పంపుతడు. చూస్త. జవాబు పెట్టను.