మాస్టారి సైకిలు మీద తెల్ల చుక్కలు

మన చర్చి పత్రిక చదివే అందరికీ నమస్కారం. మా పక్కింటి డ్రిల్లు మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే వరండాలో సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతూ కొడుతూ పంపు మీదకే ఒరిగిపోయారు. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను గాని, ముందు మీరంతా ఎలా ఉన్నారో అడక్కపోతే నా చెయ్యి సాగదు. ఫాదరుగారికి దగ్గు తగ్గిందా అండీ? పాటల బృందం టీచరమ్మగారు బీపీ మాత్రలు వేళకి వేసుకుంటున్నారా? చింతలపూడిలో మా చెల్లెలి కాలి వాపు దిగిందా? కొల్లేటి లంకలో ఉన్న మా మేనమామ కూతురు నీళ్ళు కాచుకునే తాగుతోందా? మాస్టారు పోయిన దగ్గర్నుంచి ఎవరు తుమ్మినా నాకు గుండె దడగానే ఉంటోంది.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాస్టారు ఏలూరు హైస్కూల్లో పిల్లలచేత డ్రిల్లు చేయించి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఆయనకి సైకిలే లోకం. శనివారం తెల్లవారకుండానే బయల్దేరేవారు. నెత్తికి తువాలు, కాళ్ళకి గుడ్డ బూట్లు, హ్యాండిలుకి పెరుగన్నం గిన్నె. ఒక వారం కొల్లేటి గట్ల మీదికి, ఒక వారం గూడెం వైపు, ఎక్కువగా మెట్ట వైపు. కామవరపుకోట దాటాక రోడ్డుకి రెండు పక్కలా జీడిమామిడి తోటలూ ఆ పైన అడవీ ఉంటాయట. ఆ చెట్ల కింద సైకిలు తొక్కుతుంటే రోడ్డు మీద ఎండా నీడా చాప అల్లినట్టు ఉంటుందని చెప్పేవారు. ఎత్తు రాగానే దిగి నడిపించేవారట. "ఎత్తు దగ్గర పంతం దేనికండీ, దానికీ మనకీ గొడవలేం లేవుగా" అనేవారు.

ఆయన వెతికేది మాత్రం చెట్లని కాదు, యుద్ధం గుర్తుల్ని. ఇంగ్లీషు దొరల కాలంలో పెద్ద యుద్ధం జరిగినప్పుడు గూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు కదా. దానికి సంబంధించినవి అడవిలో ఎక్కడెక్కడ ఏమున్నాయో చూడాలని ఆయన పట్టుదల. గుడారాలు వేసిన గచ్చులు, పెట్రోలు పీపాలు పెట్టిన దిమ్మలు, రాయి కొట్టిన గుంటలు. టీ కొట్టు కనపడితే చాలు, దిగి ముసలివాళ్ళని అడగడమే. "యుద్ధం మన పెరటి దారినే వెళ్ళిందండీ, మనమే తలుపు తీసి చూడలేదు" అనేవారు.

శనివారం సాయంత్రమైతే నేను గేటు దగ్గర నిలబడేదాన్ని. లారీలు, పాములు, వడదెబ్బ, అన్నీ నా కళ్ళ ముందు ఆడేవి. ఆయన సందు మలుపు తిరగ్గానే రెండుసార్లు బెల్లు కొట్టేవారు. అది నాకోసమే. ఆ బెల్లు వినపడ్డాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని.

ఒకసారి ఆయన భార్యా నేనూ రైల్లో గూడెం వెళ్తే, మాస్టారు సైకిలు మీద ముందే వచ్చి మమ్మల్ని రన్‌వే చూడ్డానికి తీసుకెళ్ళారు. ఎంత దూరం చూసినా సిమెంటే. ఎవరో దాని మీద ధాన్యం ఆరబోసుకున్నారు.

"ఇప్పుడు విమానం వస్తేనో మాస్టారూ? పక్కకి నిలబడదాం రండి," అన్నాను.

"కంగారు పడకండి అక్కగారూ, అది అరవై ఏళ్ళు లేటు," అన్నారు.

ఆయన భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కూర్చుని ఆ సిమెంటు మీద చెయ్యి పెట్టాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి అక్కడ చెప్పాను.

మా నాన్న ఆ రన్‌వే పనికి కూలికి వెళ్ళాడు. అప్పటికి నాకు మూడేళ్ళు. కంకర కోసం మేస్త్రీ కొంతమందిని మెట్ట అడవిలోకి తోలుకెళ్ళాడు. అక్కడ చలిజ్వరాలు తగిలాయి. నెల తర్వాత ఆ మేస్త్రీ మా నాన్న తువాలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "అక్కడే పెట్టేశామమ్మా," అని వెళ్ళిపోయాడు. ఎక్కడని అడగడానికి అమ్మకి నోరు రాలేదు. ఏటా సమాధుల పండక్కి అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు గదా. మాకు సున్నం వెయ్యడానికి సమాధి లేదు. అమ్మ శ్మశానం గేటు పక్కన గోడ మీద ఒక కొవ్వొత్తి పెట్టేది. అమ్మ పోయాక నేనూ అక్కడే పెడుతున్నాను.

మాస్టారు అంతా విన్నారు. సైకిలు స్టాండు తీసి, "మూడు ఊళ్ళలో అడిగాను, ఇంకా చాలా ఊళ్ళున్నాయి," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు.

ఏడాదిన్నర తిరిగారు. ఒక శనివారం బెల్లు రెండుసార్లు కాదు, అదేపనిగా మోగింది. పరుగెత్తుకొచ్చాను, పడ్డారేమోనని. చెమటతో తడిసిపోయి ఉన్నారు.

"దొరికిందనుకుంటాను అక్కగారూ. అడవిలో పాత రాతి గుంట పక్కన అయిదు రాళ్ళ గుట్టలు. మేకలు కాసే ముసలమ్మ చూపించింది. జ్వరాలకి పోయిన కూలీలవేనట. ఒక్క రాయి మీద సిలువ చెక్కి ఉంది. ఆ అయిదుగురిలో కిరస్తానీ మనిషి ఒక్కడేనని ఆ ముసలమ్మ నాన్న చెప్పేవాడట."

"ఆయనే అని గట్టిగా చెప్పగలరా మాస్టారూ?"

"చెప్పలేనండి. అబద్ధం ఆడను. మీరొచ్చి చూడండి."

ఇక్కడే నా తప్పు ఉంది. వెళ్ళలేదు. వానలు వెళ్ళనివ్వండి అన్నాను. తర్వాత మోకాళ్ళు అన్నాను, ఎండలు అన్నాను, అడవిలో తేళ్ళుంటాయన్నాను. ఆయన ఎన్నిసార్లు పిలిచినా ఒకటే మాట: "ముందు చూసొద్దామండీ, భయం తిరిగొచ్చాక పడదాం." తేళ్ళకి కాదు నేను భయపడింది. అరవై ఏళ్ళుగా నాన్న గురించి బెంగ పెట్టుకుని బతికాను. చూసి వచ్చాక ఆ బెంగ కూడా పోతే నాకు నాన్న అంటూ ఏం మిగులుతుందా అని. ఈ మాట మాస్టారికి చెప్పలేదు. తెలిసే ఉంటుంది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇంకొకటి రాయాలి. ఈ రెండేళ్ళలో ఆయన సైకిలు వెనక మడ్గార్డు మీద తెల్లని చుక్కలు కనపడేవి. నాకు చాదస్తం కదా. "కొల్లేటి కొంగల రెట్ట మాస్టారూ, రోగాలొస్తాయి, కడగండి," అని వెంటపడేదాన్ని. "అలాగేనండీ," అని నవ్వి ఊరుకునేవారు. కడిగేవారు కాదు. ఇంత శుభ్రమైన మనిషి దీన్నెందుకు వదిలేశారా అని దానికీ దిగులు పడేదాన్ని.

మాస్టారిని మట్టి చేసిన మూడో రోజు ఆయన భార్య నన్ను పెరట్లోకి పిలిచింది. బాదం చెట్టు కింద మూత పెట్టిన బక్కెట్టు ఉంది. మూత తీస్తే నానిన సున్నం. పక్కన ఎండిన కుంచె, తాళ్ళు కట్టిన రేకు డబ్బా.

"సోమవారం నానబెట్టారు వదినా. వానలు తగ్గాయి, ఈ శనివారం వెళ్ళి వేసొస్తానన్నారు. వానకి చెట్టూ చేమా పెరిగి మీ నాన్నగారి రాయి కనపడకుండా పోతుందట. మీరు వస్తానన్న రోజుకి తెల్లగా ఉండాలని, రెండేళ్ళుగా ఆయనే వేసొస్తున్నారు."

"నాతో ఒక్కమాట అనలేదేం వదినా?"

"చెపితే మొహమాటానికి వస్తారట. మీ అంతట మీరే రావాలన్నారు."

నేను సైకిలు దగ్గరికి వెళ్ళి మడ్గార్డు మీద వేలితో గీరి చూశాను. సున్నం. డబ్బా వెనక కట్టుకుని గతుకుల్లో తొక్కితే తొణికిన సున్నం. కొల్లేరుని, కొంగల్ని ఎంత తిట్టానో.

అడవిలో ఉన్నది మా నాన్నో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరి తండ్రయినా సరే, ఆ రాయికి సున్నం వేసే మనిషి ఒకరుండేవారు, ఆ మనిషి పోయారు. ఇక నేను వెళ్ళకపోతే వచ్చే వానాకాలానికి ఆ సిలువ పొదల్లోకి పోతుంది. మిగతా నాలుగు గుట్టలకి కూడా సరిపడా సున్నం ఉంది బక్కెట్లో. నీళ్ళు ఆరిపోకుండా రోజూ కాసిని పోస్తున్నాను.

ఆటో మాట్లాడాం. బ్రేకులు బాగున్నాయా అని అతన్ని ఇప్పటికే నాలుగుసార్లు అడిగాను, "మీరు అయిదోసారి అడిగితే నేను రానండీ," అన్నాడు. దారి చూపించడానికి కామవరపుకోటలో మాస్టారితో టీ తాగే పెద్దాయన ఎక్కుతాడు. మాస్టారి సైకిలు ఆటో మీద కట్టించి తీసుకెళ్దామని ఆయన భార్య అంది. ఆ దారి మా కంటే దానికే బాగా తెలుసు. బట్ట పెట్టి అంతా తుడిచాను, వెనక మడ్గార్డు ఒక్కటీ ముట్టుకోలేదు.

ఈసారి శ్మశానం గోడ మీద నా కొవ్వొత్తి కనపడకపోతే నాకేమైందోనని కంగారు పడకండి. సమాధుల పండగ రోజే వెళ్తున్నాం. నవంబరు రెండో తేదీ, పొద్దున ఆరింటికి.