మోకాళ్ళ హోటల్ మీద అర్జీ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా కాలనీ వాళ్ళు మోకాళ్ళ హోటల్ మీద పెట్టిన అర్జీని సాపు రాసింది నేనని అందరికీ తెలుసు. అందులో నాలుగో పేరా, అర్జీ రాయించిన పెద్దాయన చెప్పింది చెప్పినట్టు రాయలేదని మాత్రం తెలియదు. అది పూర్తిగా నా సొంతం. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను, ఆ రాత్రి డైరీలో కూడా "ఈరోజు చేతిరాత పని ఎక్కువైంది, వేళ్ళు నొప్పి" అని మాత్రమే రాసుకుని పడుకున్నాను.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో మనిషికి బోలెడు ధైర్యం ఉంటుందని పుస్తకాల్లో చదివేదాన్ని గానీ, నా వంతు ధైర్యం ఎవరికో పొరపాటున డెలివరీ అయిపోయినట్టుంది. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తలుపు వెనక నిలబడి, ఈ గ్లాసుకి కాళ్ళుంటే ఎంత బాగుండేది అనుకునేదాన్ని. (పక్క క్వార్టర్లో పదేళ్ళుగా ఉంటున్న వాళ్ళలో కొందరు నాకు మాటలు రావేమో అనుకునేవారట. అమ్మ చెప్పింది.) నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు, ఆ ఏడాదే రిటైరవుతున్నారు. నిమ్‌పురాలో క్వార్టర్ ఖాళీ చేసి పూరీ గేట్ వైపు అద్దె ఇంటికి మారాలి, తమ్ముడి చదువు సగంలో ఉంది, ఇంట్లో ఇంకొక సంపాదన కావాలి. అటువంటి సమయంలో హిజ్లీ వెళ్ళే రోడ్డు మీద కొత్తగా తెరవబోతున్న చైన్ రెస్టారెంట్‌లో, ఫోన్లు ఎత్తి టేబుళ్ళు బుక్ చేసే అమ్మాయి కావాలని ప్రకటన వచ్చింది. ఫోన్లో అయితే మొహం కనిపించదు కదా అని అప్లికేషన్ పడేశాను. తీసుకున్నారు. నాన్న ఆ సాయంత్రమే కాలనీ అంతా తిరిగి, "మా పిల్లకి ఏసీ ఆఫీసులో కూర్సుని సేసే ఉద్యోగం వొచ్చినాది" అని చెప్పేసి వచ్చారు. ఏ ఆఫీసో నేను ఆయనకి సరిగ్గా చెప్పలేదు, ఆయన వాళ్ళకి చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఏసీ అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయారు.

ట్రైనింగు మొదటి రోజు యూనిఫామ్ పొట్లం ఇచ్చారు. విప్పి చూస్తే సగం బట్టలు పెట్టడం మరిచిపోయారనిపించింది. పొట్టి నిక్కరు, ఊపిరి పీలిస్తే కుట్లు విడిపోతాయేమో అన్నంత బిగుతైన చొక్కా, ఆ చొక్కా వీపు మీద "ఈరోజు ఏది వేడిగా ఉందో నన్ను అడగండి" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. కలకత్తా నుంచి వచ్చిన మేనేజర్ (బెంగాలీలో అన్నయ్య అన్నట్టు అందరం దాదా అనేవాళ్ళం) దగ్గరికి వెళ్ళి, ఆ ఏడాదికి నా మొత్తం ధైర్యం అక్కడే ఖర్చు పెట్టి, "దాదా, ఇది మా తమ్ముడి సైజు" అన్నాను. ఆయన పాపం ఫైల్లోకి చూస్తూ, "నహీ నహీ, సైజ్ ఠీక్ హై. హెడ్డాఫీసు డిజైన్" అన్నాడు. గంటకోసారి పాట వేస్తారనీ, అప్పుడు అమ్మాయిలంతా చప్పట్లు కొడుతూ టేబుళ్ళ మధ్య తిరగాలనీ చెప్పాడు. నాకు కౌంటర్ వెనక డ్యూటీ కాబట్టి చప్పట్లు ఒక్కటే చాలట. ఇంటి నుంచి చుడీదార్‌లో వెళ్ళి, అక్కడ మార్చుకుని, కౌంటర్ వెనక నిలబడితే సాయంత్రం దాకా బయటికి వచ్చేదాన్ని కాదు. ఆ కౌంటర్ చెక్క నా నడుం దాకా ఉండేది. ఆ వడ్రంగి ఎవరో గానీ, రోజూ మనసులో దండం పెట్టుకునేదాన్ని.

ఇంతలో రోడ్డు మీద బోర్డు లేచింది. ఒక అమ్మాయి పొగలు కక్కే ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటుంది. మెడ నుంచి మోకాళ్ళ దాకానే ఉంటుంది. తల లేదు. మార్కెట్‌కి వెళ్తున్న మా కాలనీ ముసలమ్మ ఒకావిడ రిక్షా ఆపించి, "ఓలమ్మ, ఈ పిల్ల తలకాయేదిరా" అని అడిగిందట. ఆ రోజు నుంచి దానికి మోకాళ్ళ హోటల్ అని పేరు పడిపోయింది.

ఆదివారం సాయంత్రం క్లబ్బు వరండాలో మీటింగు పెట్టారు. ముందు నిలబడ్డది వర్క్‌షాప్ అత్త. భర్త డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఆవిడకి ఇచ్చారు. ఖలాసీగా చేరి, వేల మంది మగవాళ్ళ మధ్య ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి. నాకు చుట్టరికం ఏమీ లేదు, కాలనీ పిల్లలందరికీ ఆవిడ అత్తే. ఆవిడ పక్కన త్రూ తాతయ్య. రిటైరైన హెడ్ క్లర్కు. లోకంలో ఏ కాగితమైనా "త్రూ ప్రాపర్ ఛానల్" వెళ్ళాలన్నది ఆయన సిద్ధాంతం. (కాఫీలో పంచదార ఎక్కువైందని కోడలికి చెప్పాలన్నా కొడుకు త్రూ చెప్పేవారు.) మీటింగులో తలా ఒక మాట అన్నారు. "కాలేజీ కుర్రాళ్ళని పాడు సేయడానికే ఎట్టినారు" అని ఒకరు, "తాళం ఏయించాల" అని ఒకరు. వెనక వరసలోంచి ఒకావిడ, "హోటలోణ్ణి అనీసి ఏటి లాభం? అందులో సేరే ఆడపిల్లలకి సిగ్గుండొద్దా?" అంది. ఆ సమయానికి నేను అందరికీ సమోసాల ప్లేటు అందిస్తున్నాను. ఆవిడకి రెండు పెట్టాను.

"అర్జీ రాయాల. మంచి సేతిరాత ఎవులిది?" అన్నారు తాతయ్య. అందరూ నా వైపు చూశారు. నా చేతిరాతకి ఆ కాలనీలో నా గొంతు కంటే ఎక్కువ పరపతి. టైపు కొట్టిద్దామని ఎవరో అంటే తాతయ్య ఒప్పుకోలేదు. "టైపు కాయితం ఫైల్లోకి పోద్ది. సేతిరాత కాయితం సదువుతారు" అన్నారు. మూడు సాయంత్రాలు ఆయన వాలుకుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో చెప్పారు, నేను తల వంచుకుని రాశాను. మొదటి మూడు పేరాల్లో రైల్వే చరిత్ర, పట్టణం గౌరవం, బోర్డులో తల లేకపోవడం వచ్చాయి. నాలుగో పేరా చెబుతూ ఆయనకి కోపం వచ్చేసింది. ఆ హోటల్ తెరవకూడదు, అందులో చేరిన సిగ్గులేని అమ్మాయిలని వెంటనే పంపించెయ్యాలి. "రాసినావా? సిగ్గులేని. కింద గీత ఎట్టు" అన్నారు. సిగ్గు తప్ప ఇంకేమీ లేని నేను, నా గురించే ఆ మాట రాసి, కింద స్కేలుతో తిన్నగా గీత పెట్టాను.

చిత్తు ప్రతి నాకు అప్పగించి తాతయ్య కంటి ఆపరేషన్‌కి రైల్వే ఆసుపత్రిలో చేరిపోయారు. సాపు రాయాల్సిన రోజు ట్రైనింగులో ఇనప ప్లేట్లు మొయ్యడం నేర్పిస్తున్నారు. ఎర్రగా కాలిన ప్లేటు మీద సాసు పొయ్యగానే అది చిటపటమని ఎగిరి, నా పక్కనే నిలబడ్డ బెంగాలీ అమ్మాయి తొడ మీద పడింది. బట్ట ఉండాల్సిన చోటే పడింది. ఆ పిల్ల ఏడవలేదు. "చెబితే తీసేస్తారేమో, ఎవరికీ చెప్పకు దీదీ. మా ఇంట్లో నేనొక్కదాన్నే" అంది నాతో. కుళాయి కింద నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి కలం తీసి మూడు పేరాలు ఆయన చెప్పినట్టే రాశాను. నాలుగోది మొదలుపెట్టాక చెయ్యి నా మాట వినలేదు. "ఈ అమ్మాయిలు మా ఇళ్ళ పిల్లలు. తప్పు వాళ్ళది కాదు. ఒక్కరి ఉద్యోగం కూడా పోకూడదు. వేడి ప్లేట్లు మోసే పనికి తగిన నిండు బట్టలు ఇవ్వండి, చొక్కా మీద రాతలు తీసెయ్యండి, బోర్డులో అమ్మాయికి తల పెట్టండి" అని రాసేశాను. చదువుతారనే భయం పెద్దగా లేదు. మా రైల్వే వాళ్ళకి అర్జీ వస్తే మొదట చూసేది పైన ఎవరి సంతకం ఉందా అని. వర్క్‌షాప్ అత్త సంతకం కనిపిస్తే చాలు, కింద ఏముందో చూడకుండా వరసగా పెట్టేస్తారు. రెండు రోజుల్లో సంతకాలతో నాలుగు పేజీలు నిండాయి.

హోటల్ తెరవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, కౌంటర్లో ఫోన్ ఎలా ఎత్తాలో సాధన చేస్తున్నాను. గాజు తలుపులోంచి వర్క్‌షాప్ అత్త, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆపరేషన్ తర్వాత ఇంకా చూపు ఆనక నల్ల కళ్ళద్దాలతో తాతయ్య లోపలికి వచ్చారు. మిగతా వాళ్ళు రోడ్డు మీద ఆగారు. అర్జీ ఇస్తారని తెలుసు గానీ, హెడ్డాఫీసుకి పోస్టులో పంపుతారనుకున్నాను. ప్రాపర్ ఛానల్ సంగతి మరిచిపోయాను. హోటల్ మీద అర్జీ అదే హోటల్ మేనేజర్ త్రూ, ఆయన రిమార్కులతో పైకి వెళ్ళాలట. పారిపోదామంటే కౌంటర్ బయటికి రావాలి, వస్తే నిక్కరు కనిపిస్తుంది. అలాగే నిలబడిపోయాను.

తాతయ్య నల్లద్దాలు నా వైపు తిప్పి, "మేడమ్, కైండ్లీ రిసీవ్ అండ్ అక్నాలెడ్జ్" అన్నారు. "యస్ సర్" అన్నాను. పదేళ్ళుగా పక్క క్వార్టర్లో ఉన్న మనిషి నన్ను గొంతుతో పోల్చుకోలేకపోయారు, ఎప్పుడూ వినలేదు కాబట్టి. జన్మలో నా సిగ్గు నాకు ఉపయోగపడింది ఆ ఒక్కసారే. అత్త మాత్రం నన్ను చూసింది. మొహం, చొక్కా, మళ్ళీ మొహం. నా చెవుల్లో వర్క్‌షాప్ సైరన్ మోగినట్టయింది. ఆవిడ ఒక క్షణం ఆగి, ఎవరో తెలియని పిల్లతో మాట్లాడినట్టు హిందీలో, "బేటీ, కాపీ మీద అందినట్టు రాసి సంతకం చెయ్యి" అంది. చేశాను. నేను రాసిన అర్జీ నాకే అందినట్టు, అదే చేతిరాతతో.

మేనేజర్ దాదా వచ్చి కాగితం తీసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మూడు పేరాల దాకా తాతయ్య తన వాక్యాలు తానే విని తల ఊపుతున్నారు. నాలుగో పేరా రాగానే తల ఆగిపోయింది. "ఒక్కరి ఉద్యోగం కూడా పోకూడదు" దగ్గర దాదా గొంతు మారింది. కళ్ళెత్తి, "ఇంతేనా? మూసెయ్యమనడం లేదా?" అని అడిగాడు. నలభై ఏళ్ళు డ్రాఫ్టింగ్ చేసిన హెడ్ క్లర్కు, తన అర్జీలో ఏముందో తనకి తెలియదని పరాయివాడి ముందు ఎలా చెబుతారు? "ఈ పేరా," అన్నారు గొంతు సవరించుకుని, "ఎంతో ఆలోచించి ఎట్టినాను."

అత్త అప్పుడు అందుకుంది. ఆవిడ హిందీ సగం తెలుగే. "దాదా, మా షాపులో వేడి ఇనుము ముట్టేవాడికి తోలు ఏప్రాన్, చేతికి గ్లౌజు, కాలికి బూటు ఇస్తారు. ఇవ్వకపోతే ఆ పూట మిషన్ కదలదు. యూనిఫామ్ అంటే మనిషిని కాపాడేది. మీ యూనిఫామ్ ఎవర్ని కాపాడతాది, సెప్పు" అని అడిగింది. ఇంకా మానని కాలికి తడిగుడ్డ చుట్టుకుని కుళాయి దగ్గర కూర్చున్న బెంగాలీ అమ్మాయి లేచి నిలబడింది. దాదా ఆ కాలు చూశాడు. కలం తీసి కాగితం మీద రిమార్కు రాశాడు. తాతయ్య దాన్ని అత్త చేత చదివించుకుని, "ఫార్వర్డెడ్ అండ్ రికమెండెడ్. గుడ్" అన్నారు.

నల్ల ప్యాంటు, పొడుగు ఏప్రాన్ రావడానికి నెల పట్టింది. చొక్కా రాతలు పోయాయి. బోర్డులో అమ్మాయికి తల వచ్చింది, నవ్వు మొహం. గంటకోసారి పాట మాత్రం కొన్నాళ్ళు నడిచింది. పిల్లల్తో వచ్చిన రైల్వే కుటుంబాలు అది ఎవరిదో పుట్టినరోజు అనుకుని తామే చప్పట్లు కొట్టడంతో, హెడ్డాఫీసే విసిగి మానేసింది. తాతయ్య ఇప్పటికీ కుర్రాళ్ళకి ఆ నాలుగో పేరా వినిపిస్తూ, డ్రాఫ్టింగ్ అంటే ఏమిటో చెబుతుంటారు. ఆయనకి నేనెంతో రుణపడి ఉన్నాను. ఆ రోజు ఆయన "ఇది నాది కాదు" అని ఉంటే మా పన్నెండు మంది అమ్మాయిలకీ ఉద్యోగం ఉండేది కాదు.

ఆ అర్జీ ఇచ్చిన రోజు సాయంత్రమే అత్త మా ఇంటికి వచ్చింది. వంటింట్లో తలుపు వెనక నిలబడి నా జీవితం అయిపోయిందనుకున్నాను. అత్త నాన్న ఎదురుగా కూర్చుని టీ తాగుతూ, "నీ కూతురు పనిసేసే కాడికి ఎల్లినాను, అన్నయ్యా. హోటలే గానీ, మంచి కౌంటరు. సంతకం దానిదే సెల్లుతాది అక్కడ" అంది. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "ఏసీ ఉందా?" అని అడిగారు. "సలి ఏసీసినాది" అంది అత్త. ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నేనే నాలుగు రోజులు దడ పట్టుకుని తిరిగాను.

ఆ కౌంటర్లో రెండేళ్ళు చేశాను. ఆ రెండేళ్ళలో వందల మందికి "నమస్కార్, చెప్పండి" అని చెప్పాక, గొంతు అనేది నాకూ ఉందని తేలింది. ఇప్పుడు ఒక స్కూలు లైబ్రరీలో పని చేస్తున్నాను. మాట్లాడకపోతే ఊరుకోని చోట మాట్లాడటం నేర్చుకుని, మాట్లాడకూడని చోట ఉద్యోగం చెయ్యడం తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆనాటి పిల్ల గుర్తొస్తే, ఆ చెక్క వెనక మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని "యస్ సర్" అంటూ నిలబడ్డ దాన్ని ఒకసారి భుజం తట్టి రావాలనిపిస్తుంది.

అత్త కిందటేడాది రిటైరై రాయ్‌పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. చలికాలం దాటకుండానే పోయింది. ఆవిడ రాయ్‌పూర్ రైలెక్కిన రోజు సామాను ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాను. కిటికీ ఊచలు పట్టుకుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న కృతజ్ఞత చెబుదామని "అత్తా, ఆ అర్జీలో నాలుగో పేరా" అని మొదలుపెట్టాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి ఆపేసింది.

"తెలుసులేవే. ఆ నాలుగు పేజీల సంతకాలూ ఎతికినాను, నీ పేరు నేదు. అందుకున్నోళ్ళ కాడ ఎట్టినావు సంతకం. ఈసారి అడిగినోళ్ళ కాడ ఎట్టు."