సాయవ్వ సంచిలోని మందులు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది ఒక కంప్యూటర్ ఆట దగ్గర ఆడింది. నవ్వొస్తే నవ్వండి. నేనూ మొదట్లో నవ్వి తీసిపారేద్దామనే చూశాను. పోలేదు.

అప్పుడు నేను చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాణ్ణి. గదిలో నాతో పాటు నరేష్ ఉండేవాడు, కొత్తకోట దగ్గరి పల్లెవాడు. నాది పొద్దుటి షిఫ్టు, అతనిది మధ్యాహ్నం షిఫ్టు. ఇద్దరం కలిసి ఒక పాత కంప్యూటర్ కొని, ఒకే ఆటను వంతులవారీగా ఆడేవాళ్ళం. దారిలో కలిసినవాళ్ళను గుంపులో చేర్చుకొని, పేర్లు పెట్టి, ఆయుధాలూ మందులూ పంచి నడిపించే ఆట. గుంపులో నలుగురికే చోటు. చచ్చినవాళ్ళు చచ్చినట్టే, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడకూడదని ఒట్టు వేసుకున్నాం. కంపెనీలో షిఫ్టు దిగేటప్పుడు ఏం చేశామో రిజిస్టర్‌లో రాస్తాం కదా, అలాగే కంప్యూటర్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం.

నరేష్ ఒక ముసలి వైద్యురాలిని గుంపులో చేర్చి సాయవ్వ అని పేరు పెట్టాడు. తనను పెంచిన అవ్వ పేరది. ఆమె పోయి అప్పటికి ఏడాది. బీపీ గోలీలు అయిపోయాయని ఆమె ఫోన్ చేస్తే, ఆదివారం తెస్తానని చెప్పి, ఓవర్‌టైం పనిలో పడి మరిచిపోయాడట. నాలుగు రోజులకే ఆమె పోయింది. ఈ సంగతి నాకొక్కడికే చెప్పుకున్నాడు.

నాకేమో ఆటలోని ఆ ముసలామె అంటే చిరాకు. గబగబా నడవదు, కొట్టదు, అందరూ ఆమె కోసం ఆగాలి. ఒక శనివారం గుహలో నా కత్తివీరుడు చావుకు దగ్గరయ్యాడు. సాయవ్వ సంచిలోని మందులన్నీ తీసి వాడికి తాగించాను. ఆమెను గుహ మూతి దగ్గర అడ్డం నిలబెట్టి మిగతావాళ్ళను తప్పించాను. ఆమె అక్కడే చచ్చిపోయింది. తెలియక చేసిన పని కాదు. ఎవరు పనికొస్తారో ఎవరు రారో చూసుకునే చేశాను.

ఆ తర్వాతే నోట్‌బుక్ తెరిచాను. "అవ్వ సంచిల మందులు అయిదున్నయి. పైలం" అని నరేష్ జాగ్రత్త చెబుతూ రాసిపెట్టాడు. ఆ పేజీ చింపేశాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నరేష్ అడిగాడు. "అవ్వ ఏదిరా?"

"సచ్చిపోయింది. సంచిల మందులు పెట్టలే నువ్వు."

"పెట్టిన గదరా. రాసిన గూడ."

నోట్‌బుక్ అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు.

"మర్శిపోయినవ్‌రా," అన్నాను.

తనను తానే ప్రశ్నించుకున్నట్టు, "గిప్పుడు గూడ మర్శిన్నా?" అన్నాడు. మళ్ళీ ఆ ఆట ముట్టలేదు.

ఎందుకలా చేశాను? నిజం చెబితే రెండు తిట్లు తిట్టి, సాయంత్రానికి ఇంకొకరిని చేర్చుకునేవాడు. అతనంటే భయమా? కాదు. ఎక్కడ నొక్కితే అతను ఇంకో ప్రశ్న అడగకుండా ఆగిపోతాడో నాకు తెలుసు, తెలిసే అక్కడ నొక్కాను, అంత నమ్మి చెప్పుకున్న దుఃఖాన్ని నా తప్పు కప్పుకోవడానికి వాడుకున్నాను. ఇంతకన్నా నీచం ఏముంటుంది?

నరేష్‌కు ఇప్పుడు పెళ్ళయింది. వాళ్ళ నాన్నకు వేసే గోలీలు భార్య చూసి పెట్టినా నరేష్ నమ్మడట, మళ్ళీ తనే లెక్కపెడతాడట. ఆమె నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

మొన్న నాకు డెంగీ వస్తే దవాఖానకు వచ్చాడు. నా గోలీలు పూటపూటకూ విడదీసి పొట్లాలు కట్టి, వాటి మీద వేళలు రాశాడు. "నా మీద నాకు నమ్మకం లేదురా. జర నువ్వు గూడ సూస్కో," అన్నాడు.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంది? సరేనన్నాను. అంతే అన్నాను.

అతనికి చెప్పలేనిది మీకు చెప్పాను. గుండె కాస్త తేలికపడింది, అందుకు సిగ్గుగానూ ఉంది. నరేష్ అతని అసలు పేరు కాదు. కానీ ఆ రోజు అతను మరిచిపోలేదు. అది నిజం.